ఒత్తిడి తగ్గిన ఊరు

నాకు చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. పూజ ముగిశాక "శాంతిః" అని మూడుసార్లు అంటాం. ఒక్కసారి అంటే దేవుడికి వినపడదా? మా శివాలయం పూజారి గారిని అడిగితే, లోకంలో బాధలు మూడు రకాలనీ, ఒక్కోదానికి ఒక్కోటనీ చెప్పారు. ఆయన పెద్దవారు, కాదనలేదు. కానీ నేను మున్సిపల్ నీటి సరఫరా ఆఫీసులో వచ్చిన కాగితాలకూ వెళ్లే కాగితాలకూ నంబర్లు వేసే గుమాస్తాని. మా దగ్గర ఏ దరఖాస్తయినా మూడు ప్రతులుండాలి. ఒకటి పైకి పంపడానికి, ఒకటి ఫైలులో పెట్టడానికి, ఒకటి పోగొట్టుకోవడానికి. శాంతి సంగతి కూడా అంతే అయి ఉంటుందని నా అనుమానం.

ఆ శాంతి ఒకసారి కాగితం రూపంలో మా ఆఫీసుకే వచ్చింది.

రాజధానిలో ఉన్న మా ప్రధాన కార్యాలయం పంపిన ఉత్తర్వు అది. నేనే కవరు చించి, నంబరు వేసి, మా ఇంజనీరు చక్రధరరావు గారి బల్ల మీద పెట్టాను. ఆయన పైకి చదివారు.

"విషయం: ఒత్తిడి నియంత్రణ గురించి. తెలియజేయునది ఏమనగా, క్షేత్రస్థాయిలో ఒత్తిడి అధికముగా ఉన్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. కావున ప్రతి విభాగాధిపతియు తన పరిధిలోని ఒత్తిడిని దశలవారీగా తగ్గించి, ప్రతి సోమవారము నివేదిక పంపవలెను. మధ్యమధ్య తగిన విరామములు ఇవ్వవలెను. దీర్ఘశ్వాసను ప్రోత్సహించవలెను. ఈ విషయమున అలసత్వము వహించినచో తీవ్రముగా పరిగణించబడును."

చదివి కాగితం కింద పెట్టారు. "భీమలింగం గారూ, ఇది మన గురించే."

"అన్ని శాఖలకూ పంపినట్టున్నారండి. పైన అలా ఉంది."

"మనం నొచ్చుకోకూడదని అందరికీ పంపారు. ఆలోచించండి. ఒత్తిడి ఎక్కడ ఉంటుంది? జనన మరణాలు రాసేవాళ్ల దగ్గర ఉంటుందా? పన్నులు వసూలు చేసేవాళ్ల దగ్గర ఉంటుందా? ఒత్తిడి ఉండేది మన పైపుల్లో."

నేను మెల్లగా, "మనసులో ఉండే ఒత్తిడి గురించేమోనండి" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మన దగ్గర మనసుల సెక్షన్ ఉందా?"

"లేదండి."

"పైపుల సెక్షన్?"

"ఉందండి."

"మరి?"

నా చదువు హైస్కూలుతో ఆగింది. ఆయన ఇంజనీరింగు చదివారు.

పక్కనున్న పన్నుల విభాగం వాళ్లు ఆ ఉత్తర్వును వేరేగా తీసుకున్నారు. పదకొండింటికల్లా బల్లలు పక్కకు జరిపి, చాపలు పరుచుకుని, కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకునేవారు. పన్ను కట్టడానికి వచ్చినవాళ్లు లేపడానికి మొహమాటపడి వెనక్కి వెళ్లిపోయేవారు. మా ఇంజనీరు గారు కిటికీలోంచి చూసి, "ఒక ఉత్తర్వును ఇంతగా అపార్థం చేసుకోవచ్చా!" అని నిజంగానే బాధపడ్డారు.

ఆ సాయంత్రమే పంపుహౌసుకు వెళ్లి, అక్కడ మోటార్లు చూసుకునే సింహాచలానికి ఆదేశం ఇచ్చారు. నేను కాగితం పట్టుకుని వెంట ఉన్నాను.

"ఒత్తిడి తగ్గించాలి సింహాచలం."

"ఎవరికి బాబూ?"

"ఎవరికేమిటి? ఊరికి."

"ఎంత తగ్గించమంటారు?"

"దశలవారీగా."

"దశంటే ఎంత బాబూ? చక్రం పావు తిప్పమంటారా, సగం తిప్పమంటారా?"

ఇంజనీరు గారు ఉత్తర్వు మరోసారి చూశారు. అందులో చక్రం ప్రస్తావన లేదు. "ప్రస్తుతానికి పావు తిప్పు. పై వాళ్లు మెచ్చుకుంటే సగం తిప్పుదాం" అన్నారు.

మేము మేడ మీద వాటాలో అద్దెకుంటాం. ఇన్నాళ్లూ పొద్దున్న ఆరింటికి మా కుళాయి శుభ్రంగా పోసేది. నేను స్నానం చేసి, దీపం పెట్టుకుని, ఆఫీసుకు వెళ్లేవాణ్ని. ఆ మర్నాడు కుళాయి తిప్పితే సన్నటి ధార వచ్చి, ఆగి, మళ్లీ వచ్చింది.

"దీనికి జలుబు చేసిందేమిటండీ?" అంది మా ఆవిడ మాణిక్యం.

"ఒత్తిడి తగ్గించారు."

"ఎందుకు?"

"ఆరోగ్యానికి మంచిదట."

"ఎవరి ఆరోగ్యానికి?"

నాకూ అదే సందేహం. కానీ ఆఫీసు సంగతులు ఇంట్లో మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నాను కాబట్టి ఊరుకున్నాను.

మొదటి సోమవారం నివేదిక వెళ్లింది. ఇరవై రెండు శాతం తగ్గిందని ఇంజనీరు గారు రాశారు. పంపుహౌసులో మీటరు ఉంది, దాని ముల్లు చూసి రాశారు. పైనుంచి వెంటనే జవాబు వచ్చింది. కింద సంతకం అడిషనల్ డైరెక్టర్ ప్రభంజనరావు గారిది. ఈ ఒత్తిడి కార్యక్రమానికంతటికీ ఆయనే అధిపతి.

"ఇతర కార్యాలయములు 'చాలా తగ్గినది' అని మాత్రమే రాయుచుండగా, మీరు అంకెలతో సహా తెలుపుట ఆశ్చర్యము కలిగించినది. ఎట్లు కొలుచుచున్నారు?"

మేము రాశాం: "మెడ వద్ద గుండ్రని మీటరు బిగించి కొలుచుచున్నాము."

"అట్లు బిగించుట వలన అసౌకర్యమేమైనా కలదా?"

"ఏమియు లేదు. తుప్పు పట్టకుండా ఏటా రంగు వేయించుచున్నాము."

"వయసు మీరిన వాటి పరిస్థితి ఏమి?"

"బాగా పాతవి అక్కడక్కడ కారుచున్నవి. గోనెగుడ్డ చుట్టి, కట్టు కట్టించితిమి. పూర్తిగా పాడైనవాటిని తవ్వి తీసి, కొత్తవి పాతించుటకు అనుమతి కోరుచున్నాము."

దీనికి జవాబు రావడం కాస్త ఆలస్యమైంది. చివరికి ఇలా వచ్చింది: "పాతవారిని తొలగించరాదు. వారి అనుభవము విలువైనది. అయినను సిబ్బంది పట్ల మీరు చూపుచున్న శ్రద్ధ ప్రశంసనీయము."

"పైపుల్ని కూడా సిబ్బంది అంటున్నారు చూశారా! ఎంత పెద్ద మనసు!" అన్నారు ఇంజనీరు గారు. ఆయన కళ్లు చెమర్చాయి.

రెండు వైపులా ఆ కాగితాలకు నంబర్లు వేసింది నేనే. ఎక్కడో తేడా ఉందనిపించింది. కానీ నంబర్లు వేసేవాడు నంబరు తప్పినప్పుడే నోరు తెరవాలి.

ప్రశంస వచ్చింది కాబట్టి చక్రం సగం తిరిగింది. నీళ్లు మేడలు ఎక్కడం మానేశాయి. కింది ఇళ్లవాళ్లు వాకిట్లో గోతులు తవ్వి, కుళాయిని గోతిలోకి దించి, అందులో దిగి పట్టుకోవడం మొదలుపెట్టారు. ఉత్తర్వులో విరామాలు ఇమ్మన్నారు కాబట్టి పది నిమిషాలు వదిలి, అరగంట ఆపేవారు. ఆ అరగంటలోనూ కుళాయి ఊరుకునేది కాదు. లోపలికి ఒకసారి గాలి పీల్చి, బుస్సుమని బయటికి వదిలేది. ఇంజనీరు గారు మా వీధిలో నిలబడి శ్రద్ధగా విన్నారు. "దీర్ఘశ్వాస!" అన్నారు. "ఇది మనం చెప్పకుండానే జరుగుతోంది." ఆయన ఇంట్లో సొంత బోరు ఉంది.

ఒకరోజు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఆఫీసు మీదికి వచ్చారు. ముందు మా ఇంటి యజమానురాలు పైడితల్లమ్మ.

"ఏవండీ ఇంజనీరు గారూ, నీళ్లిస్తారా, లేకపోతే ఈ బిందెలు ఇక్కడే బోర్లించి కూర్చోమంటారా?"

"అరవకండమ్మా. అరిస్తే ఒత్తిడి పెరుగుతుంది."

"పెరగనీ బాబూ! పెరగాలనే కదా వచ్చాం!"

అందరూ కలిసి బిందెలు వాయించారు. పక్క గదిలో చాపల మీద పడుకున్న పన్నుల వాళ్లు ఉలిక్కిపడి లేచారు. ఆ రోజు పన్ను కట్టడానికి వచ్చిన నలుగురి పనీ ఆలస్యం లేకుండా జరిగిపోయింది.

ఇంత జరుగుతుండగా మా ఇంట్లో మరో సంగతి ఉంది. మాణిక్యం పదహారు ఫలాల నోము పట్టింది. ఉద్యాపన చేయాలంటే పదహారుమంది ముత్తైదువుల్ని పిలిచి, కాళ్లు కడిగి పసుపు రాసి, భోజనం పెట్టి, వాయనం ఇవ్వాలి. ఒకసారి ముహూర్తం పెట్టుకుంటే దాయాదుల్లో మైల వచ్చింది. మరోసారి మా ఇంట్లోనే అమ్మవారు పోసింది. ఇది మూడోసారి. ఈ నోము పట్టించిన ఆవిడ మాణిక్యం పెద్దక్క బంగారమ్మ గారు. ఓపిక బొత్తిగా లేకపోయినా, కళ్లారా చూస్తానని బస్సెక్కి వస్తానంది. శుక్రవారం ముహూర్తం. మేడ మీద చుక్క నీళ్లు లేవు.

సరిగ్గా ఆ వారమే ప్రభంజనరావు గారి నుంచి ఇంకో కాగితం వచ్చింది. మా ఊరిని "ఒత్తిడి రహిత పట్టణం"గా ప్రకటిస్తారట. తామే స్వయంగా వచ్చి శుక్రవారం పదిగంటలకు జ్ఞాపిక ఇస్తారట. అయితే ఆనాటికి ఒత్తిడి సున్నాకు చేరి ఉండాలట.

నేను ధైర్యం చేసి ఇంజనీరు గారి ముందు నిలబడ్డాను. "అయ్యా, శుక్రవారం మా ఇంట్లో నోము. పొద్దున్న ఒక్క గంట నీళ్లు మేడ ఎక్కేలా చూస్తే..."

"భీమలింగం గారూ, నేనూ దైవభక్తి ఉన్నవాణ్నే. కానీ నోము వచ్చే ఏడాదైనా వస్తుంది. సున్నా మళ్లీ వస్తుందా?"

ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాను. మాణిక్యం అప్పుడు పసుపుకొమ్ములు దంచుతోంది. చెయ్యి ఆపలేదు. "ఆయన సున్నా ఆయన్ని నెత్తిన పెట్టుకు తిరగమనండి. నాకు నా పదహారు కావాలి" అంది.

వీధి చివర ఒక చేతిపంపు ఉంది. గురువారం సాయంత్రం నుంచి వంతులు కాసి, ఒక గంగాళం, రెండు ఇత్తడి బిందెలు నింపాం. మెట్లెక్కేటప్పుడు ఆవిడ మోకాళ్లు పట్టేస్తే మధ్యలో కూర్చుని, మళ్లీ లేచింది. నేను అందుకోబోతే, "మీరు మడి కట్టుకోలేదు" అంది. గంగాళం వంటకీ కాళ్లు కడగడానికీ, బిందెలు పూజకీ మంచినీళ్లకీ. వాటి మీద కొత్త పళ్లాలు మూతపెట్టి, పసుపు బొట్లు పెట్టింది.

మా వంటింటి కిటికీకి ఎదురుగా, సందు దాటి, మున్సిపల్ అతిథి గృహం ఉంది. గాలి బాగా వస్తుందని ప్రభంజనరావు గారిని మేడ మీద గదిలో దింపారు. సింహాచలం ఒక బకెట్టు నీళ్లు మోసి స్నానాల గదిలో పెట్టాడు.

శుక్రవారం పొద్దున్న మాణిక్యం చింతపండు పిసుకుతుండగా ఎదురు గోడలోంచి గొంతు వినపడింది.

"ఎవరండీ అక్కడ?"

"ఎవరూ?" అంది మాణిక్యం, అటూ ఇటూ చూసి.

"అడిషనల్ డైరెక్టర్‌ని."

"ఎక్కడినుంచండీ?"

"స్నానాల గదిలోంచి. బకెట్టు అయిపోయింది. ఒళ్లంతా సబ్బు. కళ్లు తెరవలేకపోతున్నాను. కుళాయి తిప్పితే నీళ్లు రావడం లేదు."

"బుస్సుమంటోందాండీ?"

"అవునమ్మా!"

"అయితే బాగానే ఉంది. ఇవాళ సున్నా కదండీ. మీరు దానికే కదా బహుమతి ఇవ్వడానికి వచ్చారు."

సబ్బు బుడగ ఒకటి వెంటిలేటరులోంచి తేలుతూ వచ్చి, మా కిటికీ ఊచకు తగిలి పగిలింది.

"అమ్మా," అంది ఆ గొంతు నీరసంగా, "నేను చెప్పిన ఒత్తిడి మనసుది."

"మాకు అందింది పైపుదండి."

నేను పరుగెత్తి అతిథి గృహానికి వెళ్లాను. అప్పటికే ఇంజనీరు గారు బంతిపూల దండతో స్నానాల గది తలుపు ముందు నిలబడి ఉన్నారు.

"ఒత్తిడి పెంచండి! వెంటనే పెంచండి!" అని లోపలినుంచి కేకలు.

"సార్, తగ్గించమని తమరి రాతపూర్వక ఉత్తర్వు ఉంది. పెంచమని నోటిమాట మీద పెంచితే రేపు ఆడిట్‌లో..."

"నా ఒత్తిడి పెరిగిపోతోందయ్యా!"

"ఎవరిది సార్? తమరిదా, పైపుదా? స్పష్టంగా సెలవిస్తే అదే రాస్తాను."

లోపల చెంబు గోడకు తగిలిన శబ్దం వచ్చింది. ఇంజనీరు గారు దండ నా మెడలో వేసి, జేబులోంచి తెల్లకాగితం తీసి, "ఒత్తిడి పెంచవలెను" అని రాసి, కలంతో సహా తలుపు కిందినుంచి తోశారు. కాసేపటికి కాగితం తడిసి, నురగతో తిరిగొచ్చింది. సంతకం ఉంది.

"తేదీ వేయలేదు సార్."

తేదీ కూడా వేయించుకున్నాక సింహాచలానికి ఫోను చేశారు. నాకూ వినపడింది.

"ఎంత పెంచమంటారు బాబూ? పావా, సగమా?"

"ఉన్నదంతా!" ఇది లోపలి గొంతు.

"ఆయనెవరు బాబూ?"

"నువ్వు తిప్పు సింహాచలం" అన్నారు ఇంజనీరు గారు. తలుపు వైపు తిరిగి, "సార్, పైపులు ఖాళీగా ఉన్నాయి. నిండి, మేడ ఎక్కేసరికి ముప్పావుగంట పడుతుంది. అంతవరకు తమరు దీర్ఘశ్వాస..." అని, ఆయనే నాలుక కరుచుకున్నారు.

నేను ఇంటికి వచ్చేసరికి మాణిక్యం కిటికీ దగ్గరే నిలబడి ఉంది. ఎదురుగా ఆ పెద్దమనిషి మూలుగు వినపడుతూనే ఉంది. ఆవిడ రెండు బిందెల వైపూ చూసింది. పూజగది వైపు చూసింది. బంగారమ్మ గారు పీట మీద కూర్చుని చెల్లెలినే చూస్తోంది.

"ఒక మనిషి కళ్లు మండి ఏడుస్తుంటే ఇక్కడ నేను కూర్చుని పూజ చేస్తే, ఆ తల్లి నా ముఖం చూస్తుందాండీ?" అంది మాణిక్యం. వంగి బిందెల మీద పళ్లాలు తీసింది. "పట్టుకెళ్లండి. కానీ ఇది దానం కాదు, చేబదులు. ఆ మాట చెప్పి మరీ ఇవ్వండి. నోము నీళ్లు. తిరిగి తీసుకుంటాను."

నేను చెప్పాను. తలుపు సందులోంచి బిందె అందుకుంటూ ప్రభంజనరావు గారు, "మా శాఖ ఎవరికీ బాకీ ఉండదమ్మా!" అని వెంటిలేటరుకు వినపడేలా అరిచారు.

తొమ్మిది కావస్తుండగా మా కుళాయి దగ్గింది. తర్వాత తుమ్మింది. తర్వాత ఎన్నాళ్ల కోపమో ఒక్కసారి వచ్చినట్టు ఎర్రటి నీళ్లు ఎగజిమ్మి, ఎదురుగా ఉన్న బంగారమ్మ గారిని తలనుంచి కాళ్లదాకా తడిపేసింది. ఆవిడ రెండు చేతులూ ఎత్తి, "వచ్చిందే గంగమ్మ తల్లి!" అంది. నీళ్లు తేటపడేదాకా ఆగి, పట్టుకుని, పదహారుమందికీ కాళ్లు కడిగాం. వంటలో ఉప్పు కాస్త ఎక్కువైందని పైడితల్లమ్మ అంది కానీ రెండుసార్లు వడ్డించుకుంది. నోము తీరింది. ఆ సాయంత్రం మాణిక్యం పీట మీద కాళ్లు చాపుకుని, చాలాసేపు అలాగే కూర్చుంది. ఆవిణ్ని అంత తృప్తిగా నేను ఎప్పుడూ చూడలేదు.

సన్మానం కూడా ఆగలేదు. జ్ఞాపిక మీద అక్షరాలు చెక్కేశారు, శాలువాలు కొనేశారు, ఇక ఆపడం ఎలా? ప్రభంజనరావు గారు ఎర్రబడ్డ కళ్లతో వేదిక మీద నిలబడి, "ఈ పట్టణములో నేను పొందిన అనుభవము జీవితాంతము మరువలేను" అన్నారు. ఆ రోజు ఆయన చెప్పిన మాటల్లో అదొక్కటీ నిజమని నాకు తెలుసు.

సోమవారం మామూలుగా నివేదిక వెళ్లింది. సున్నాలో ఉన్న ఒత్తిడి ఒక్క గంటలో పూర్తి స్థాయికి చేరిందని మీటరు చెప్పింది, మేము రాశాం. ప్రధాన కార్యాలయం సంజాయిషీ అడిగింది. మా ఇంజనీరు గారు అబద్ధం రాసే మనిషి కాదు. "అడిషనల్ డైరెక్టర్ గారి రాకతో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగినది. సంతకము జతపరచడమైనది" అని రాశారు. తర్వాత కొన్నాళ్లకు ప్రభంజనరావు గారు మొక్కల పెంపకం శాఖకు బదిలీ అయ్యారు. అక్కడ ఒత్తిడి లేదట.

మాణిక్యం మాత్రం, "నా రెండు బిందెల నీళ్లేవీ?" అని అడుగుతూనే ఉంది. ఆవిడ పోరు పడలేక నేనే దరఖాస్తు రాసి, నేనే నంబరు వేశాను. అది రాజధానికి వెళ్లింది. నీళ్లు ఇచ్చే శాఖ నీళ్లు పుచ్చుకోవడం గతంలో ఎన్నడూ లేదని మొదటి అభ్యంతరం. స్నానపు నీళ్లా, తాగే నీళ్లా అని రెండోది. తాగే నీళ్లని రాస్తే, తాగే నీళ్లతో స్నానం చేసిన అధికారిపై చర్య ఎందుకు తీసుకోరాదని ఇంకోటి. ఫైలు తిరుగుతూనే ఉంది. రెండు వేసవులు గడిచాయి. మాణిక్యం అడగడం మానేసింది. నేనూ మరిచిపోయాననే చెప్పాలి.

మొన్న మిట్టమధ్యాహ్నం మెట్ల మీద రొప్పు వినపడి తలుపు తీశాను. సింహాచలం! భుజం మీద ఒక బిందె, చంకలో ఒక బిందె. చొక్కా అంతా తడిసి ఉంది, సగం నీళ్లతో, సగం చెమటతో.

"అమ్మా, తమరి బాకీ. మంజూరైంది" అన్నాడు.

మాణిక్యం బయటికి వచ్చి బిందెల్లోకి తొంగిచూసింది. "ఇదేమిటి, ఇది వెలితిగా ఉంది?"

"మెట్ల మీద ఒలికిందమ్మా. రవాణాలో తరుగు కొంత ఒప్పుకున్నారంట. కాగితంలో ఉంది."

"కాగితం తాగుతామా?" అని విసుక్కుంది కానీ రెండు బిందెలూ భక్తిగా అందుకుని లోపల పెట్టింది. అతణ్ని పంకా కింద కూర్చోబెట్టి, ఆ నీళ్లలోంచే ఒక చెంబు ముంచి ఇచ్చింది. అతను గటగటా తాగి ఇంకోటి అడిగాడు. ఆ నీళ్లతోనే పప్పు ఉడికించి, అన్నం వండి, ముగ్గురం తిన్నాం. సింహాచలం తొందర లేకుండా, ముద్ద ముద్దకీ ఆగుతూ తిన్నాడు. పంపుహౌసులో చేరినప్పటినుంచి పగలు కూర్చుని అన్నం తినడం ఇదే మొదటిసారి అన్నాడు.

భోజనం అయ్యాక చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లబోయాడు. కుళాయి నిండుగా పోస్తోంది.

"ఆ నీళ్లు వద్దులే నాయనా," అని మాణిక్యం ఆపింది. "బిందెలోవి ముంచుకో. అవి మావి."